ఋణమా, సాదుడా? – తెలుగు సాహిత్యంలో వృద్ధ తల్లిదండ్రుల పోషణ భావన

‘తల్లిదండ్రుల ఋణం తీర్చుకోవడం’ అన్నది తెలుగులో బాగా పాతుకుపోయిన పలుకుబడి. అందులో ఒక ఉపమానం దాగి ఉందన్న స్పృహ కూడా మనకు మిగలలేదు. ఋణం అన్నాక ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు, మొత్తం, గడువు, చెల్లింపు అన్నీ వెంట వస్తాయి. ఎదిగిన బిడ్డలు ముసలి తల్లిదండ్రులను చూసుకోవలసి ఉందా, ఉంటే ఎందుకు అన్న ప్రశ్నకు ఈ ఉపమానమే మన తరఫున ముందుగా జవాబు చెప్పేస్తుంది: వాళ్లు పెట్టారు కనుక మనం పెట్టాలి. ఈ జవాబు తెలుగు సాహిత్యం ఇచ్చిన జవాబేనా అని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరిశీలనకు ప్రేరణ ఒక మాండలిక పదం. నల్లగొండ జిల్లా నకిరేకల్ ప్రాంతపు వాడుకలో, ఆ మాటకొస్తే తెలంగాణ అంతటా, ‘సాదు’ అనే క్రియ ఉంది. కోస్తా వాడుకలోని ‘సాకు’కు ఇది దగ్గరి మాట. బిడ్డను సాదుతారు, కోడెను సాదుతారు, దత్తత తెచ్చుకున్న పిల్లను సాదుకుంటారు. ముసలి తల్లిని, తండ్రిని కూడా సాదుతారు. ‘పెంచు’ అనే శిష్టపదానికి ఈ సౌలభ్యం లేదు. కొడుకును పెంచిందని అనగలం కాని, తల్లిని పెంచుతున్నాడని అనలేం. పెంచడంలో పెరుగుదల ఉంది. ముసలితనంలో పెరగడానికి ఏమీ ఉండదు. సాదడంలో పెరుగుదల నియమం లేదు. తనంతట తాను నిలవలేని ప్రాణిని నిలబెట్టడమే దాని అర్థం. తల్లి బిడ్డకు చేసిన పనికీ, బిడ్డ తల్లికి చేసే పనికీ ఒకే క్రియ వాడే భాషలో ఋణం అనే ఉపమానం అవసరమా? మన కావ్యాలను, కథలను ఈ ప్రశ్నతో చదివినప్పుడు, వాటిలో బలమైనవి ఋణభాషకు కట్టుబడలేదని, సాదుడు అనే భావనకే చేరువగా ఉన్నాయని తేలుతుంది.

పితృఋణం ఎటు ప్రవహిస్తుంది?

ముందుగా ఋణం అనే మాటనే దాని మూలస్థానంలో చూడాలి. తైత్తిరీయ సంహిత ప్రకారం మనిషి మూడు ఋణాలతో పుడతాడు. బ్రహ్మచర్యంతో ఋషుల ఋణం, యజ్ఞంతో దేవతల ఋణం, సంతానంతో పితరుల ఋణం తీరుతాయి. వ్యాసభారతం ఆదిపర్వంలో సంతానం లేని పాండురాజు దుఃఖానికి ఆధారం ఈ భావనే. నన్నయ తెలుగు చేసిన జరత్కారు వృత్తాంతం దీనికి దృశ్యరూపం. గోతిలో తలకిందులుగా వేలాడుతున్న పితరులు జరత్కారుణ్ణి అన్నం అడగరు, సేవ అడగరు. పెళ్లి చేసుకుని సంతానాన్ని కనమని అడుగుతారు.

గమనించవలసిన విషయం ఇదే: శాస్త్రార్థంలో పితృఋణం వెనక్కి చెల్లించేది కాదు, ముందుకు చెల్లించేది. తండ్రి నుంచి అందుకున్న జన్మను కొడుక్కు అందించడంతో అది తీరుతుంది. బతికి ఉన్న ముసలి తండ్రికి అన్నం పెట్టడం, ఒళ్లు కడగడం ఆ లెక్కలోకి రావు. వంశం నిలిపి, తద్దినాలు తప్పక పెట్టి, ఇంట్లోని ముసలివాళ్లను పట్టించుకోని మనిషి ఈ నిర్వచనం ప్రకారం ఋణవిముక్తుడే. బతికినన్నాళ్లు కడుపునిండా పెట్టనివాడు చచ్చాక దినాలు ఘనంగా చేశాడని పల్లెల్లో ఎత్తిపొడవడం వినేదే. ఆ ఎత్తిపొడుపు తగిలేది సరిగ్గా ఇక్కడే. నేడు మనం ‘తల్లిదండ్రుల ఋణం’ అనే మాటను పోషణకు అన్వయిస్తున్నామంటే పాత మాటకు కొత్త బరువు ఎత్తుతున్నామన్నమాట. ఆ బరువుకు ఆధారం సంప్రదాయంలో వేరేచోట వెతకాలి.

చదువు కోసం ఇల్లు విడిచిన కొడుకు

అరణ్యపర్వంలో ఎఱ్ఱన పూరించిన భాగంలో వచ్చే ధర్మవ్యాధోపాఖ్యానం అలాంటి ఆధారాల్లో మొదటిది. దీన్ని సాధారణంగా కులవృత్తికీ ధర్మానికీ ఉన్న సంబంధం కోణంలో చదువుతాం. కథానిర్మాణాన్ని చూస్తే మాత్రం అది కౌశికుడు అనే కొడుకు కథ. కౌశికుడు వేదాధ్యయనం కోసం ఇల్లు విడిచినవాడు. తపస్సు సాధించాడు, కొంగను చూపుతో కాల్చగలిగాడు. ఒక గృహిణి, ఆమె మాట మీద వెతుక్కుంటూ వెళ్లిన మిథిలలోని మాంసవిక్రేత అతనికి పాఠం చెప్పవలసి వచ్చింది. ఆ పాఠం చివరికి చేరేది తత్త్వచర్చకు కాదు, ఒక ఆరోపణకు: తల్లిదండ్రుల అనుమతి లేకుండా చదువుకోసం వచ్చేశావు, నీ కోసం ఏడ్చి వాళ్ల కళ్లు పోయాయి, వెళ్లి వాళ్లను ప్రసన్నం చేసుకో.

వేదాధ్యయనాన్ని ఇంతగా గౌరవించే కావ్యం ఆ అధ్యయనం కోసమే వెళ్లిన కొడుకును తప్పుపట్టడం సామాన్య విషయం కాదు. పై మూడు ఋణాల లెక్కలో కౌశికుడు ఋషిఋణం తీరుస్తూనే ఉన్నాడు. కథ దాన్ని సరిపోయిందని అనదు. ధర్మవ్యాధుడు తన ధర్మాన్ని నిరూపించే తీరు కూడా గమనార్హం. అతడు శాస్త్రప్రమాణం చూపడు, ఇంట్లోకి తీసుకెళ్లి తల్లిదండ్రులను చూపిస్తాడు. మూలంలో అతడు తానే స్వయంగా వారికి స్నానం చేయిస్తానని, కాళ్లు కడుగుతానని, ఆహారం అందిస్తానని చెబుతాడు. ఆ ‘స్వయంగా’ అన్న మాట విలువైంది. భార్యాబిడ్డలు తోడున్నా ఒంటిపనిని అతడు వాళ్లమీద వదలలేదు. సంపాదన ఒక్కటే పోషణ కాదని, చేతులతో చేసే పని అందులో భాగమని ఈ కథ స్పష్టంగా చెబుతుంది.

నకిరేకల్ మీదుగా సాగే హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి పక్కన ఉన్న ఊళ్లకు కౌశికుడు పరాయివాడు కాదు. చదువు, కొలువు ఈ ప్రాంతపు పిల్లలను హైదరాబాదుకు, అక్కడి నుంచి ఇంకా దూరానికి తీసుకుపోయాయి. నకిరేకల్ సమీపంలోని ఆకారంలో పుట్టిన ముదిగంటి సుజాతారెడ్డి తన కథల సంపుటికి ‘మింగుతున్న పట్నం’ అని పేరు పెట్టారు. ఆ పేరు ఈ నేలకు ఎంత అతుకుతుందో వేరే చెప్పనక్కరలేదు. అయితే ఒక భేదం మరవరాదు. కౌశికుడు అనుమతి లేకుండా వెళ్లాడు. నేటి పిల్లలను బత్తాయి తోటనో, ఎకరం చెలకనో అమ్మి మరీ పంపింది తల్లిదండ్రులే. వెళ్లిపోవడం నేరంగా చూసే చదువు వీరికి అన్యాయం చేస్తుంది. కథలోని ఆరోపణ వెళ్లినందుకు మాత్రమే కాదు, వెనక ఉన్నవారి కళ్లు ఏమయ్యాయో తెలుసుకోనందుకు కూడా. రెండో భాగం నేటికీ నిలుస్తుంది.

కన్నవారు, సాదినవారు

భాగవత దశమస్కంధంలో కంసవధ తర్వాత కృష్ణుడు దేవకీవసుదేవులను కలిసే ఘట్టం ఋణభాషకు పరాకాష్ఠ. పోతన తెలుగు చేసిన ఈ ఘట్టంలో కృష్ణుడి వాదం రెండు అడుగులు వేస్తుంది. నూరేళ్లు బతికినా తల్లిదండ్రుల ఋణం తీరదన్నది మొదటిది. శక్తి ఉండి కూడా శరీరంతోను, ధనంతోను తల్లిదండ్రులకు బతుకుతెరువు కల్పించని కొడుకు ఘోరశిక్ష అనుభవిస్తాడన్నది రెండవది.

ఈ రెంటి మధ్య ఒక వైరుధ్యం ఉంది. తీరనే తీరదని ముందే తెలిసిన బాకీ బాకీ కాదు. బాకీకి తీరే అవకాశం ఉండటమే దాని లక్షణం. కావ్యం ఋణం అనే మాటను వాడుతూనే దాన్ని అసాధ్యం చేసి, ఆ మాట ఇక్కడ పనికిరాదని చూపిస్తోంది. రెండో అడుగు అందుకే ముఖ్యం. అందులో లెక్క తల్లిదండ్రులు ఇచ్చినదాని నుంచి మొదలవదు. బిడ్డకు ఉన్న శక్తి నుంచి, వారికి ఉన్న అవసరం నుంచి మొదలవుతుంది. శరీరం, ధనం అని రెంటినీ జతచేయడంలో ధర్మవ్యాధుడి ‘స్వయంగా’ మళ్లీ వినిపిస్తుంది.

ఆ వెంటనే కృష్ణుడు నందుణ్ణి సాగనంపుతాడు. విడిచిపెట్టబడిన బిడ్డను సొంతబిడ్డలా పోషించినవారే తల్లీ తండ్రీ అని అక్కడ అంటాడు. కన్నవారి ముందు కన్నందుకు, సాదినవారి ముందు సాదినందుకు తలవంచిన ఈ రెండు సన్నివేశాలు పక్కపక్కనే ఉండటం యాదృచ్ఛికం అనుకోను. జన్మ ఇచ్చారన్న ఒకే కారణం మీద బాధ్యతను నిలబెడితే నందయశోదలకు ఏమీ రాదు. సాదడం మీద నిలబెడితే, సాదలేకపోయిన దేవకీవసుదేవులకు ఏమీ రాదు. జైలు గోడల మధ్య బిడ్డలను పోగొట్టుకున్న ఆ దంపతులు సాదాలని కోరుకోకపోలేదు, వారికి వీలు కాలేదు. పేదరికం వల్ల బిడ్డకు చదువు చెప్పించలేని తల్లిదండ్రుల స్థితీ ఇదే. ఎంత పెట్టారో అంత అనే కొలతను కావ్యం అంగీకరించలేదు.

హద్దు: యయాతి

బాధ్యతకు హద్దు లేదా? తల్లిదండ్రులు అడిగిందల్లా ఇవ్వవలసిందేనా? ఆదిపర్వంలోని యయాతి కథను సాధారణంగా పూరుడి పితృభక్తికి ఉదాహరణగా బోధిస్తాం. ముసలితనం వచ్చిన తండ్రి కొడుకుల యౌవనం అడుగుతాడు. నలుగురు కాదంటారు, శాపం పొందుతారు. చిన్నవాడు ఇస్తాడు, రాజ్యం పొందుతాడు. కథ ఇంతటితో ఆగితే అది పెద్దల హక్కుకు జేజేలు పలికే కథే. కాని అది ఆగదు. భోగాలతో కోరిక తీరదని యయాతే తెలుసుకుంటాడు, తానే యౌవనాన్ని తిరిగి ఇచ్చేస్తాడు. కొడుకు జీవితాన్ని తండ్రి జీవించబోతే ఏమవుతుందో తండ్రి నోటనే చెప్పించడం కథలోని వివేకం.

ముసలివారికి అవసరమైనది వేరు, బిడ్డ జీవితాన్ని తమ కోసం అడగడం వేరు. మొదటిది సాదుడు, రెండవది ఆజ్ఞ. ఎవరిని పెళ్లాడాలి, ఏ ఊళ్లో బతకాలి, ఏ వృత్తి చేయాలి అన్న విషయాల్లో విధేయతను కూడా ‘ఋణం’ పద్దులోనే రాయడం మన కుటుంబాల్లో వాడుక. ఋణభాష చేసే పెద్ద హాని ఇదే. అప్పిచ్చినవాడికి వడ్డీ అడిగే హక్కు కూడా వస్తుంది. సాదుడులో వడ్డీ లేదు.

దయ అనే మాట, పేరులేని అక్క

వేమన పేర అందరికీ నోటికి వచ్చే పద్యం ఒకటుంది. తల్లిదండ్రులను పట్టించుకోని కొడుకు పుట్టుకను, చావును పుట్టలోని చెదపురుగుతో పోల్చే పద్యం. బడిపిల్లల స్థాయికి కుదించడం వల్ల దీనిలోని మాటల ఎంపికపై విమర్శ దృష్టి తగినంతగా పడలేదు. వేమన ఆ కొడుకును ఋణం ఎగ్గొట్టినవాడని అనలేదు. తల్లిదండ్రులు చేసిన ఉపకారాల పట్టీ చదవలేదు, నరకంతో భయపెట్టలేదు. కొడుకులో లేనిది ‘దయ’ అన్నాడు.

దయ సాధారణంగా పైనుంచి కిందికి వచ్చే గుణం. దేవుడికి భక్తుడిపై, రాజుకు ప్రజపై, పెద్దలకు పిల్లలపై దయ. కొడుకుకు తల్లిదండ్రులపై దయ ఉండాలనడంలో బలాబలాలు తారుమారయ్యాయన్న గుర్తింపు ఉంది. ఇప్పుడు ఇంట్లో బలవంతుడు కొడుకే. వేమన మాట్లాడుతున్నది కృతజ్ఞత గురించి కాదు, బలహీనుడి ఎదుట బలవంతుడి నడవడి గురించి. ‘సాదు’ అనే క్రియలో ఉన్న బలాబలాల అమరిక సరిగ్గా ఇదే.

కొడుకుల చుట్టూ తిరిగే ఈ చర్చలో కూతురి స్థానం ఏమిటి? తెనాలి రామకృష్ణుడి పాండురంగమాహాత్మ్యంలో దుర్వ్యసనాల పాలైన నిగమశర్మను దారికి తేవడానికి వచ్చేది అతని అక్క. పెళ్లయి అత్తింట ఉన్న మనిషి. నాటి ధర్మం ప్రకారం పుట్టింటి బాధ్యత ఆమెది కాదు. అయినా కూలుతున్న ఆ ఇంటి పక్షాన మాట్లాడేది ఆమె ఒక్కతే. కవి ఆమెకు పేరు పెట్టలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విమర్శకుడు ఆమెపై ప్రత్యేకంగా వ్యాసం రాయవలసినంత జీవం మాత్రం పోశాడు. ఋణం కొడుకు పేర రాసి ఉంది, ఆందోళన కూతురు మోసింది. పేరులేనితనం కవి మరపు కావచ్చు. సమాజం లెక్కల పుస్తకంలో ఆమె పద్దు లేదన్నది మాత్రం నిజం.

వంతులు

ఋణభాష తార్కికంగా చేరే చోటు వంతులు. బాకీదారులు నలుగురైతే బాకీ నాలుగు భాగాలు కావడం న్యాయమే. పల్లెల్లో పాలు పంచుకునే నాడు పొలం, ఇల్లు, గొడ్డూ గోదాతో పాటు తల్లిదండ్రులు కూడా పంపకానికి వస్తారు. నెలకొకరి ఇల్లు, లేదా తల్లి ఒకరి పాలికి, తండ్రి మరొకరి పాలికి. 1972 నాటి ‘బడిపంతులు’ చిత్రం ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో ఇంటింటి కథ కావడానికి కారణం ఈ రెండో పద్ధతిని తెరమీద చూపడమే. 1958 నాటి కన్నడ చిత్రం ‘స్కూల్ మాస్టర్’ దీనికి మూలం. ఎన్.టి. రామారావు, అంజలీదేవి పోషించిన వృద్ధ దంపతులు చెరొక కొడుకు పాలవుతారు. అక్కడ అన్నం దొరకకపోవడం ఒక్కటే దుఃఖం కాదు. పంపకంలో ముక్కలైంది వాళ్ల సహజీవనం. బాకీ ఎంత సమంగా పంచినా ఈ నష్టం దాని లెక్కలో కనబడదు.

శ్రీరమణ ‘మిథునం’ ఇదే ప్రశ్నను అటువైపు నుంచి చూస్తుంది. అప్పదాసు, బుచ్చిలక్ష్మి బిడ్డలను ఏమీ అడగరు. తమ పెరడు, తమ తిండి, తమ తగవులు తమవి. ఋణభాషకు అందని స్వేచ్ఛ ఆ కథకు అందం తెచ్చింది. అయితే ఆ స్వేచ్ఛకు ఆధారం ఏమిటో కథే చెబుతుంది. భర్త తనకంటే ముందు పోవాలని, తాను ముందు పోతే ఆయన్ను చూసేవారుండరని బుచ్చిలక్ష్మి కోరుకుంటుంది. పునిస్త్రీ చావు అనే ఆదర్శాన్ని ఆమె తలకిందులు చేసిందని మెచ్చుకోవడం సబబే. మరో విషయం కూడా గమనించాలి: ఆమె లెక్కలో బిడ్డలు ఎక్కడా లేరు. ముసలివాణ్ణి సాదే పని ముసలిదాని మీద పడింది. ఆమెను ఎవరు సాదుతారన్న ప్రశ్నను కథ అడగదు, పాఠకుడు అడుగుతాడు.

చట్టం ఏ భాష మాట్లాడుతుంది?

2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చేసింది. అంతకుముందు 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను, తగిన స్తోమత ఉండి తల్లిదండ్రులను పోషించనివారిపై భరణం విధించేది. కూతురికి కూడా ఈ బాధ్యత ఉందని సుప్రీంకోర్టు 1987లో విజయా మనోహర్ అర్బట్ కేసులో తేల్చింది. 2007 చట్టం కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అందరినీ బాధ్యుల్లో చేర్చింది. నిగమశర్మ అక్క పద్దు ఎట్టకేలకు పుస్తకంలోకి ఎక్కింది.

ఈ చట్టం ప్రకారం ట్రిబ్యునల్ నెలకు 10,000 రూపాయలకు మించకుండా మనువర్తి విధించవచ్చు. 23వ సెక్షను ప్రకారం, చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూసుకోకపోతే ఆ బదిలీ చెల్లకుండా పోతుంది. వృద్ధుల మేలు కోరి ఈ నిబంధనను ఉదారంగా అన్వయించాలని సుప్రీంకోర్టు 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో చెప్పింది. అస్సాం 2017లో చేసిన చట్టం, తల్లిదండ్రులను నిర్లక్ష్యం చేసిన ప్రభుత్వోద్యోగి జీతం నుంచి 10 శాతం కోసి వారికి ఇవ్వాలంది. అలాంటి చట్టమే తెస్తామని 2025 అక్టోబరులో తెలంగాణ ముఖ్యమంత్రి గ్రూప్-2 నియామక పత్రాలు అందిస్తూ ప్రకటించారు.

ఈ నిబంధనలు మాట్లాడేది ధనభాష. అది తప్పు కాదు. మందుబిళ్లలకు డబ్బు కావాలి. ఇల్లు రాయించుకుని బయటికి నెట్టినవాడి ముందు ధర్మవ్యాధుడి కథ చదివితే లాభం లేదు. భాగవతం చెప్పిన ‘శరీరంతోను, ధనంతోను’ అన్న జంటలో ధనాన్ని చట్టం వసూలు చేయగలదు. శరీరం దాని చేతికి అందదు. 2007 చట్టపు నిర్వచనంలో కోడలు లేదు. చాలా ఇళ్లలో ఒంటిపని చేసేది కోడలే. బాధ్యత కొడుకు పేర, చాకిరీ కోడలి చేతుల మీద జరిగే ఈ ఏర్పాటును మన కావ్యాల్లో ధర్మవ్యాధుడు ఒక్కడే కాదన్నాడు.

సాదుడుకు ఉన్న చిక్కు

ఇంతవరకు ‘సాదు’ పక్షాన వాదించాను. దానికి ఉన్న చిక్కును దాచలేం. కోడెను సాదినవాడికి కోడె మీద అధికారం ఉంటుంది. సాదబడే ప్రాణికి ఇష్టాయిష్టాలు చెప్పుకునే చోటు తక్కువ. ముసలి తండ్రిని సాదుతున్నాననే కొడుకు గొంతులో ఒక్కోసారి యజమాని వినిపిస్తాడు. దయ అనే మాటకూ ఈ ప్రమాదమే ఉంది; ఇచ్చేవాడి మనసు మారితే అడిగే దారి ఉండదు. చట్టం అవసరం ఇక్కడే తెలుస్తుంది. మనువర్తి కోసం ఆర్డీఓ కార్యాలయం మెట్లెక్కే తల్లి యాచించడానికి రాలేదు, హక్కు అడగడానికి వచ్చింది. ఆసరా పింఛను తన పేర వచ్చే అవ్వకు ఇంట్లో ఒక మాట చెల్లుబాటు ఉంటుంది. 2014లో మొదలైన ఆ పింఛను 2019 నుంచి నెలకు 2,016 రూపాయలు. సాదుడు అవమానంగా మారకుండా కాచేది హక్కు. హక్కు ఉత్త లావాదేవీగా ఎండిపోకుండా కాచేది సాదుడు.

ముగింపు

ఎదిగిన బిడ్డలు వృద్ధ తల్లిదండ్రులను చూసుకోవలసి ఉందా అన్న ప్రశ్నకు తెలుగు సాహిత్యం ఉందనే చెబుతుంది. ఆ జవాబు ఋణం మీద నిలబడలేదు. పితృఋణం శాస్త్రంలో సంతానం వైపు ప్రవహిస్తుంది. భాగవతంలో తీరనిదై తన అర్థాన్ని తానే కోల్పోతుంది. యయాతి కథలో హద్దు మీరి తానే వెనక్కి తగ్గుతుంది. వంతుల్లో మనుషులను ముక్కలు చేస్తుంది. నిలబడినది ధర్మవ్యాధుడు తన చేతులతో చేసిన పని, వేమన గుర్తించిన బలాబలాల మార్పు, సాదినవారే తల్లీ తండ్రీ అన్న కృష్ణుడి మాట.

దీని నుంచి కొన్ని నిర్ణయాలు వస్తాయి. తల్లిదండ్రులు ఎంత ఇచ్చారన్నది బాధ్యతకు కొలత కాదు. కొలతలు వారి అవసరం, బిడ్డ శక్తి. నెలనెలా పంపే డబ్బుతో అది పూర్తికాదు. అది కొడుకుల సొత్తు కాదు, కోడళ్ల మీదికి తోసేది కాదు. విధేయత దానిలో భాగం కాదు.

విమర్శకు సంబంధించి ఒక ప్రతిపాదన. ఈ ఘట్టాలన్నింటినీ ‘పితృభక్తి’ అనే ఒకే శీర్షిక కింద బోధించడం వల్ల వాటి మధ్య ఉన్న భేదాలు చెరిగిపోయాయి. భక్తి, ఋణం, దయ, శుశ్రూష, మనువర్తి, సాదుడు వేర్వేరు మాటలు, వేర్వేరు న్యాయాలు. ఏ రచన ఏ మాటను ఎంచుకుందో, ఏ మాటను వద్దనుకుందో పట్టించుకుని చదివితే మన కుటుంబ చరిత్ర కొంత కొత్తగా కనబడుతుంది. ఆ చదువుకు కావ్యభాషతో పాటు నకిరేకల్ వంటి ఊళ్ల నోటి భాష కూడా ఆకరమే. శిష్టభాష రెండు క్రియలుగా విడదీసిన పనిని ఆ నోటిభాష ఒకే క్రియగా నిలుపుకుంది.